పాతర, గవాక్షి: కౌతాళం సీమలో గాలికి అమర్చిన ఆకారాలు

కర్నూలు జిల్లా పడమటి కొసన, ఆదోనికి వాయవ్యంగా, తుంగభద్రకు దక్షిణపు దరిన ఉన్న కౌతాళం సీమలో గత తరాల రైతు కుటుంబాలు రెండు రకాల మూసిన అరలను ఆధారం చేసుకొని బతికాయి. వాటిలో ఒకటి నేల మీది మట్టి మిద్దె కాగా, రెండోది నేల లోపల జొన్నలు దాచే పాతర. రెండింటినీ ఆ ఊరి మట్టీ రాయే కట్టి నిలిపాయి. రెండూ ఒకే ఎండకు కాగి, ఒకే చలికి చల్లబడ్డాయి. అయినా మిద్దెలో గాలి కదలాలి, పాతరలో గాలి కదలకూడదు. ఒకే ఊరివారు ఒకే సామగ్రితో ఈ రెండు ఎదురెదురు పనులను ఎలా సాధించారన్న ప్రశ్నకు జవాబు అరల ఆకారంలో ఉంది. నోరు ఎంత ఉండాలి, కడుపు ఎంత ఉండాలి, కంత పైన ఉండాలా పక్కన ఉండాలా అన్న నిర్ణయాలే అక్కడ వేడి నడకను శాసించాయి. రాయలసీమ చరిత్రను పాలెగాళ్లతో, కరవులతో, కోటలతో చెప్పుకోవడం అలవాటైనంతగా ఈ నిర్మాణ జ్ఞానంతో చెప్పుకోవడం జరగలేదు. ఆ లోటు చిన్నది కాదు.

వేడి ఒక చోటి నుంచి మరొక చోటికి మూడు దారుల్లో పోతుంది. పదార్థం కదలకుండా దాని కణాల గుండా సాగేది ఉష్ణ వహనం. మధ్యలో పదార్థంతో పని లేకుండా కిరణాలుగా సాగేది వికిరణం. గాలి, నీరు వంటి పారే పదార్థాలు తామే కదిలి వేడిని మోసుకుపోయేది సంవహనం. పంకా గానీ బయటి గాలి గానీ తోయకుండా, వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికై పైకి లేవడం, చల్లబడినది బరువెక్కి కిందికి దిగడం వల్ల దానంతట అదే పుట్టే కదలికను సహజ సంవహనం అంటారు. రమ్‌ఫర్డ్ ప్రభువు 1797లో ద్రవాల్లో వేడి ఇలా ప్రవాహాలుగా సాగుతుందని విస్తారంగా చర్చించాడు. ఈ క్రియకు ఇంగ్లీషులో నేడు వాడే పేరును 1834లో విలియం ప్రౌట్ అనే వైద్యుడు ప్రతిపాదించాడు. 1900లో ఫ్రాన్సులో ఆన్రీ బెనార్ కింది నుంచి వేడి చేసిన పలుచని ద్రవపు పొరలో ప్రవాహం క్రమమైన గదులుగా విడిపోవడం చూపాడు. 1916లో రేలీ ప్రభువు ఆ కదలిక ఎప్పుడు మొదలవుతుందో లెక్క కట్టాడు. ఆయన పేరుతో పిలిచే రేలీ సంఖ్య, గాలిని కదిలించే తేలికదనానికీ, దాన్ని ఆపే జిగటతనానికీ ఉష్ణ వ్యాప్తికీ మధ్య ఉన్న పోటీని ఒక్క అంకెలో చెబుతుంది. పైనా కిందా గట్టి పలకలున్న పొరలో ఆ సంఖ్య 1708 దాటేదాకా కింద వేడి చేసినా గాలి కదలదు, దాటిందంటే కదులుతుంది.

ఈ సంఖ్యలో ఉష్ణోగ్రతల తేడా ఒక్కసారే గుణింపబడుతుంది గాని, అర ఎత్తు మూడుసార్లు గుణింపబడుతుంది. ఆకారానికి ఉన్న బలమంతా ఇక్కడే ఉంది. ఒక సెంటీమీటరు మందమున్న గాలి పొరకు కిందా పైనా 5 డిగ్రీల తేడా ఉంటే రేలీ సంఖ్య సుమారు 460. అంటే గాలి నిశ్చలంగా ఉంటుంది. అదే తేడా 3 మీటర్ల ఎత్తున్న గదిలో కింద వేడి, పైన చల్లదనంగా ఉంటే ఆ సంఖ్య వెయ్యి కోట్లు దాటుతుంది. గది అంతా సుడులు తిరుగుతుంది. వేడి పైనే ఉండి చల్లదనం కింద ఉంటే మాత్రం ఎత్తు ఎంతైనా తేలిక గాలి పైన, బరువు గాలి కింద పొరలుగా నిలిచిపోతాయి, కదలిక పుట్టదు. పక్క గోడల్లో ఒకటి వేడిగా, ఎదుటిది చల్లగా ఉన్నప్పుడు మరొక నియమం వర్తిస్తుంది: అప్పుడు తేడా ఎంత చిన్నదైనా కొంత ప్రదక్షిణ తప్పదు. 1954లో కేంబ్రిడ్జిలో జి.కె. బాచిలర్ ఇటువంటి నిలువు అరల్ని విశ్లేషించి, ఎత్తుతో పోలిస్తే వెడల్పు బాగా ఇరుకైన చోట గోడల మధ్య వేడి ముఖ్యంగా వహనంతోనే దాటుతుందనీ, వెడల్పు పెరిగేకొద్దీ ప్రవాహం పెత్తనం చేస్తుందనీ చూపాడు. ఇరుకు గొంతు గాలిని బంధిస్తుంది, విశాలమైన కడుపు గాలికి చోటిస్తుంది అన్నది దీని సారం.

ఈ సూత్రాలకు నేల, వాతావరణం, చరిత్ర ఏ రూపమిచ్చాయో చూడాలంటే కౌతాళం సీమ స్థితిని తెలుసుకోవాలి. కౌతాళం, కోసిగి, పెద్దకడుబూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. వాటి మధ్య గరుసు దిబ్బలూ నల్లరాతి గుట్టలూ లేచి ఉంటాయి. ఏడాది వాన 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండి, అదీ నమ్మకం లేకుండా పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. విజయనగరం తరువాత బిజాపూరు, మొగలు, నిజాం పాలనల కింద నలిగిన ఆదోని దుర్గాన్ని 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి పట్టుకున్నాడు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో 1807 దాకా ఉన్నాడు. అప్పటి నుంచి బళ్లారి జిల్లాలో భాగంగా ఉన్న ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసింది. కన్నడం, తెలుగు పక్కపక్కనే వినిపించే ఊళ్లు కావడం వల్ల పాతరను హగేవు అని పిలిచే ఇళ్లు కూడా ఈ సరిహద్దు పొడవునా ఉన్నాయి.

సేనలు దారి తొక్కిన నేలలో గింజను నేల మీద పెట్టుకోవడం ప్రమాదం. గాదె కంటికి కనిపిస్తుంది, నిప్పుకు అంటుకుంటుంది, దోపిడీకి దొరుకుతుంది. పైన మన్ను కప్పి, ఆ మన్ను మీద బండ్లు తోలి, పశువులను కట్టేస్తే పాతర ఎక్కడుందో ఇంటివారికి తప్ప తెలియదు. అయితే దాచుకోవడమొక్కటే కారణమని అనుకోవడం పొరపాటు. నల్లరేగడిలో పండే తెల్లజొన్న మాఘ ఫాల్గుణాల్లో ఇంటికి వచ్చి, మళ్లీ ఏడాదికి గాని రాదు. ఆ మళ్లీ వచ్చే ఏడు వాన తప్పితే రెండేళ్లకు గాని రాదు. 1791, 92లలో వచ్చిన ఘోర క్షామమూ, ఆ తరువాత 1854, 1866 కరవులూ ఈ సీమను తాకాయి. కనుక ఇక్కడి రైతుకు కావలసింది నెలలు కాదు, ఏళ్లు నిలిచే నిల్వ. ముక్కపురుగు, ఎలుక, చెమ్మ అనే ముగ్గురు శత్రువులను ఒక్కసారిగా ఆపే నిల్వ.

పాతరకు చోటు ఎంచడంలోనే మొదటి నేర్పు కనిపిస్తుంది. నల్లరేగడి ఎండకు నెరియలు విచ్చి, వానకు ఉబ్బుతుంది. నెరియల గుండా నీరూ గాలీ దిగుతాయి గనుక అందులో పాతర నిలవదు. ఊరిలో మెరక మీద, నీరు నిలవని చోట, గట్టి గరుసు నేలలో దాన్ని తవ్వేవారు. పైన ఒక మనిషి దూరేటంత నోరు, దాని కింద కొంత దూరం ఇరుకు గొంతు, ఆ గొంతు కింద నిలువెత్తుకు మించి లోతుగా, గుండ్రంగా విరిసే కడుపు పాతరకు ఉండేవి. గోడలను అలికి ఆరబెట్టి, కొన్నిచోట్ల లోపల మంట వేసి చెమ్మ విడగొట్టి, అడుగునా చుట్టూ ఎండు చొప్పనో గడ్డినో దట్టంగా పేర్చి, బాగా ఎండిన జొన్నను నోటి దాకా నింపి, పైన మళ్లీ మందంగా గడ్డి కప్పి, బండ వేసి, బండ మీద మన్ను పోసి తొక్కి బిగించేవారు. నింపే పని ఎండాకాలపు పొడి రోజుల్లో జరిగేది. గింజ తడి నూటికి పన్నెండు పాళ్లకు మించకుండా ఉంటేనే అది కుళ్లకుండా నిలుస్తుందని నేటి నిల్వశాస్త్రం చెబుతుంది. ఆ కొలత లేకుండానే, గింజను పంటి కింద కొరికి చూసే పరీక్షతో వారు ఆ హద్దును పాటించారు.

ఈ ఆకారం చేసే పనిని నేల ఉష్ణోగ్రతతో మొదలుపెట్టి చూడాలి. నేల పైపొర పగటికీ రాత్రికీ పెద్దగా మారుతుంది గాని, ఆ మార్పు అర మీటరు లోతుకు చేరేసరికి దాదాపు మాసిపోతుంది. వేసవి చలికాలాల మధ్య ఏడాది మార్పు సైతం 3 మీటర్ల లోతులో సుమారు ఐదో వంతుకు తగ్గి, అదీ మూడు నెలలు ఆలస్యంగా చేరుతుంది. అందువల్ల పాతర అడుగున ఏడాది పొడవునా ఈ సీమ సగటుకు దగ్గరగా, సుమారు 28 డిగ్రీల వద్ద వేడి నిలకడగా ఉంటుంది. వేసవిలో పైన వేడి, కింద చల్లదనం. అంటే బరువు గాలి అడుగున, తేలిక గాలి పైన. సంవహనానికి తావే లేని స్థితి. పురుగు విజృంభించే కాలంలోనే పాతర లోపలి గాలి అన్నిటికంటే నిశ్చలంగా ఉండడం ఈ నిర్మాణంలోని మొదటి లాభం. ఒకే లోతులో నేల నాలుగు వైపులా దాదాపు ఒకే వేడితో ఉంటుంది కనుక గుండ్రని గోడకు ఒక పక్క వేడి, ఎదుటి పక్క చలి అనే స్థితి ఏర్పడదు. బాచిలర్ విశ్లేషించిన పక్కగోడల ప్రదక్షిణకు ఇక్కడ ఊతం దొరకదు. నేల మీది రేకు గాదెకు తూర్పు ఎండ, పడమటి ఎండ వేరువేరుగా తగులుతాయి. పాతరకు దిక్కులు లేవు.

ప్రమాదకాలం చలికాలం. మార్గశిర పుష్య మాసాల్లో పైపొర చల్లబడి, లోపలి గింజ అంతకంటే వెచ్చగా ఉన్నప్పుడు పొరలు తలకిందులవుతాయి: వెచ్చని గాలి గింజల సందుల్లోంచి పైకి లేచి, తనతో గింజ విడిచిన ఆవిరిని మోసుకొచ్చి, చల్లని పైపొరలో దాన్ని వదిలిపెడుతుంది, అక్కడ గింజ చెమ్మగిల్లి బూజు పట్టి గడ్డ కడుతుంది. ఇరుకు గొంతు ఇక్కడ రక్షణగా నిలుస్తుంది. చల్లబడే పైభాగపు వైశాల్యం కడుపుతో పోలిస్తే చాలా తక్కువ కనుక ఆవిరి చేరే చోటూ తక్కువే. ఆ చోట గింజకు బదులు గడ్డి దట్టంగా ఉంటుంది కనుక చెమ్మను గడ్డి పీల్చుకుంటుంది. పాతర తెరిచినప్పుడు నోటి దగ్గరి కొద్దిపాటి గింజ రంగు మారి వాసన వేయడం, కడుపులోని గింజ తెల్లగా దొరకడం సామాన్యానుభవం. చెడుగంతా గొంతులోనే ఆగిపోవాలన్నట్టుగా ఆ ఆకారం అమరింది.

నిండిన పాతరను ఉత్త గాలి గదితో పోల్చకూడదు. గింజల రాశి సచ్ఛిద్ర పదార్థం, అంటే నిండా సన్నని సందులున్న పదార్థం. ఆ సందుల్లో గాలి కదలగలదు గాని గింజ గింజకూ ఒరుసుకుంటూ కదలాలి. ఇటువంటి పదార్థంలో సంవహనం ఎప్పుడు మొదలవుతుందో 1945లో హార్టన్, రోజర్స్ అనే ఇద్దరూ, 1948లో లాప్‌వుడ్ వేరువేరుగా తేల్చారు: అక్కడ హద్దు సంఖ్య సుమారు 39.5, అక్కడ ఎత్తు మూడుసార్లు కాక ఒక్కసారే గుణింపబడుతుంది. మూడు మీటర్ల లోతు జొన్న రాశికి, కిందా పైనా 5 డిగ్రీల తేడా ఉన్నా, గింజల సందు కొలతలను బట్టి వచ్చే సంఖ్య పదికి లోపే ఉంటుంది. అంటే కడుపు నిండా గింజ ఉన్నంతకాలం చలికాలంలో కూడా పాతరలోని గాలి కదలిక బలహీనమే. ఎత్తైన లోహపు గిడ్డంగుల్లో పదిహేను ఇరవై మీటర్ల రాశికి రాత్రింబవళ్ల తేడా తగిలినప్పుడు అదే సంఖ్య హద్దును సమీపిస్తుంది, చల్లబడిన పక్క గోడలు ఏ హద్దుతోనూ పని లేకుండా గాలిని కిందికి జార్చి నడుమ నుంచి పైకి తిప్పుతాయి. పెద్ద గిడ్డంగుల్లో గింజ రాశి పైభాగాన చెమ్మ చేరి అట్ట కట్టడానికి ప్రపంచమంతటా ముఖ్యకారణంగా గుర్తించినది ఈ ప్రదక్షిణనే.

పాతరను సగం నింపి ఉంచకూడదన్న ఆచారానికీ, ఒకసారి తెరిస్తే పూర్తిగా తీసేయాలన్న ఆచారానికీ ఇందులోనే కారణం దొరుకుతుంది. గింజ తీసిన మేర పైన ఏర్పడే ఖాళీ ఉత్త గాలి గదే. దాని ఎత్తు పెరిగేకొద్దీ రేలీ సంఖ్య ఎత్తు ఘనం చొప్పున పెరిగి, గింజ సందుల్లో కదలని గాలి ఆ ఖాళీలో స్వేచ్ఛగా తిరుగుతుంది. పైగా మూసిన పాతరలో గింజ, పురుగు ఊపిరి పీల్చి ఆమ్లజనిని హరించి బొగ్గుపులుసు వాయువును నింపుతాయి. ఆమ్లజని నూటికి రెండు మూడు పాళ్లకు పడిపోతే ముక్కపురుగు బతకదు. మూత తీయడం ఆ రక్షణను పోగొట్టుకోవడమే. మూత తీసిన రాత్రి బయటి చల్లని గాలి బరువెక్కి లోపలికి జారుతుంది, లోపలి వెచ్చని గాలి అదే నోటి గుండా బయటికి రావాలి. ఒకే కంతలో రెండు ప్రవాహాలు ఎదురుపడతాయి. నోటి వ్యాసం సగానికి తగ్గిస్తే ఈ మార్పిడి సగానికి కాదు, ఆరో వంతుకు దగ్గరగా పడిపోతుంది. మనిషి దూరగలిగినంత మేరకే నోరు ఉంచడం ఆ తగ్గింపును పూర్తిగా వాడుకోవడమే అయింది.

అదే ఇరుకు నోరు ప్రాణాంతకం కూడా. బొగ్గుపులుసు వాయువు గాలికంటే బరువైనది కనుక అడుగున పేరుకొంటుంది. గొంతు ఇరుకు కనుక త్వరగా బయటికి పోదు. నిశ్చలతే లక్ష్యంగా కట్టిన అరలో ఆ విషగాలి కూడా నిశ్చలంగానే ఉంటుంది. అందుకే బండ తీసి గంటల తరబడి వదిలేయడం, లోపలికి దీపం దించి అది ఆరిపోతే ఎవరినీ దిగనివ్వకపోవడం నియమాలయ్యాయి. ఆ నియమం తప్పిన చోట ప్రాణాలు పోయాయి. పాతర జ్ఞానాన్ని మెచ్చుకొనేటప్పుడు ఒక సంగతి మరవకూడదు: పాతర ఆసామిదీ షావుకారుదీ అయినా, తాడు పట్టుకొని అందులోకి దిగేవాడు ఎక్కువగా కూలి మనిషి, కరవు ఏట ఆ గింజ ధర నిర్ణయించేవాడు అతడు కాదు. పాతర జొన్న విత్తనానికి పనికిరాదని, ఊపిరాడని గింజ మొలకెత్తే శక్తిని కోల్పోతుందని కూడా రైతులకు తెలుసు. విత్తనాల జొన్నను వేరుగా, వేపాకో బూడిదో కలిపి బానల్లో ఉంచడం అందువల్లనే.

ఈ ఆకారం ఒక్క కౌతాళం సీమ సొత్తు కాదు. క్రీస్తు శకం 1వ శతాబ్దంలో రోమను రచయిత ప్లీనీ, కప్పడోసియా, థ్రేస్ దేశాల్లో ధాన్యాన్ని గోతుల్లో దాచే పద్ధతిని మెచ్చుకొంటూ, గాలి చొరని చోట పురుగు పుట్టదని రాశాడు. మాల్టా ద్వీపంలో సెయింట్ జాన్ వీరుల పాలనలో రాతి నేలలో తొలిచిన, పైన ఇరుకై కింద విరిసే ధాన్యపు గోతులు గుండ్రని రాతి మూతలతో నేటికీ ఫ్లోరియానా మైదానంలో కనిపిస్తాయి. ఇంగ్లండులో 1972లో మొదలైన బట్సర్ ప్రయోగ క్షేత్రంలో పీటర్ రెనాల్డ్స్ ఇనుపయుగపు గోతుల వంటివి తవ్వి, అంత తడి దేశంలోనూ ధాన్యం చలికాలమంతా నిలుస్తుందని నిరూపించాడు. పరస్పరం ఎరగని సమాజాలు ఒకే ఆకారానికి రావడానికి కారణం అనుకరణ కాదు, గాలి అన్నిచోట్లా ఒకే నియమానికి లోబడడం.

నేల మీది మిద్దెకు లక్ష్యం వేరు కనుక ఆకారమూ వేరు. రాతినీ మట్టినీ కలిపి లేపిన మందపు గోడలు, వాటిపై దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద బండలో కట్టెలో పరచి, ఆకు అలము వేసి, మట్టి తొక్కి, అన్నిటి మీద చౌడు పరిచేవారు. ఉప్పు పాలు ఎక్కువున్న చౌడు మట్టి తడిసినప్పుడు మెత్తబడి సందులను పూడ్చి నీటిని దిగనివ్వదు. ఏటా తొలకరికి ముందు కొత్త చౌడు వేయడం ఇంటి పనుల్లో ఒకటి. తలుపు చిన్నది, కిటికీలు అరుదు. వెలుగు కోసం, పొగ కోసం కప్పులో విడిచిన కంతే గవాక్షి. వాన వస్తే దాని మీద బండో బానో బోర్లించేవారు.

అడుగు మందపు మట్టి కప్పు గుండా వేడి దిగడానికి సుమారు పది గంటలు పడుతుంది. మిట్టమధ్యాహ్నం కప్పు పైభాగం కాలిపోతున్నా ఆ వేడి లోపలి ముఖానికి చేరేది రాత్రి పది గంటల వేళకే. అప్పటికి ఇంటివారు మిద్దె మీద ఆరుబయట పడుకొని ఉంటారు. పగటిపూట గది పైభాగం కింది నేలకంటే వెచ్చగా ఉంటుంది కనుక గాలి పొరలుగా నిలుస్తుంది. వేడి గాలి కప్పుకు అంటిపెట్టుకొని, మనిషి కూర్చునే ఎత్తులో చల్లని గాలి మిగులుతుంది. ఈ స్థితిలో పక్క గోడకు కిటికీ పెడితే బయటి వడగాలి లోపలికి వచ్చి పొరలను చెదరగొడుతుంది. గవాక్షి మాత్రం పేరుకొన్న ఆ వేడి గాలినే, అది పేరుకొన్న చోటు నుంచే బయటికి పంపుతుంది. పొయ్యి వెలిగించినప్పుడు దాని బలం తెలుస్తుంది: లోపలి గాలి బయటికంటే 5 డిగ్రీలు వెచ్చగా ఉండి, వాకిలికీ గవాక్షికీ మధ్య రెండున్నర మీటర్ల ఎత్తు ఉంటే, ఆ కంత గుండా గాలి సెకనుకు అర మీటరు వేగంతో లేవగలదు. ఈ వేగం ఎత్తుకూ ఉష్ణోగ్రతల తేడాకూ వర్గమూలంగా పెరుగుతుంది. గాలి పరిమాణం మాత్రం కంత వైశాల్యాన్ని బట్టి నేరుగా పెరుగుతుంది. అందుకే వంటింటి గవాక్షి పెద్దదిగా, గింజ బానలుండే లోపలి గది గవాక్షి చిన్నదిగా ఉండడం సహజం.

రాత్రి మిద్దె స్వభావం మారుతుంది. నిర్మలమైన ఆకాశం కింద కప్పు పైముఖం వేడిని వికిరణంగా వదిలి చల్లబడి, తన మీది గాలిని చల్లబరుస్తుంది. గవాక్షి మూసి లేకపోతే ఆ చల్లని గాలి దానిగుండా జారి, లోపలి వెచ్చని గాలి వాకిలి పైభాగం గుండానో అదే గవాక్షి గుండానో బయటపడుతుంది. పగలు పొగను పంపిన కంతే రాత్రి చల్లదనాన్ని దింపుతుంది. పాతర నోటికి వేసిన బండ ఏడాదికొకసారి లేస్తే, గవాక్షి మీది బాన రోజుకు రెండుసార్లు కదిలేది. నిశ్చలత కావలసిన చోట మూతను శాశ్వతం చేయడం, కదలిక కావలసిన చోట మూతను చేతి అందుబాటులో ఉంచడం, ఈ రెండింటిలో ఆ సీమ నిర్మాణ జ్ఞానమంతా ఇమిడి ఉంది. ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇళ్లలో గుంట మగ్గం ఉన్న గదికి కూడా ఇదే విచారణ వర్తిస్తుంది: నూలు పోగు తెగకుండా ఉండాలంటే గదిలో కొంత చెమ్మ కావాలి, అందుకు గాలి మార్పిడి మితంగా ఉండాలి, నేతగాడి కాళ్లు దిగే గుంటలో చల్లని గాలి నిలుస్తుంది.

ఈ రెండు ఆకారాలూ ఒకేసారి పోలేదు. పాతర ముందు క్షీణించింది. మద్రాసు రైల్వే మార్గం 1871లో ఆదోని మీదుగా రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలిసినప్పుడు, ఏళ్ల తరబడి నేలలో దాచిన గింజకు దూరపు ధర పలికే అవకాశం వచ్చింది. పత్తి అమ్మకానికి ఆదోని పెరిగింది. కిస్తులు రొక్కంగా కట్టవలసిన రైతుకు గింజ దాచడం కన్నా అమ్మడం సులువయింది. 1876లోనూ 1877లోనూ వానలు తప్పినప్పుడు బళ్లారి, కర్నూలు జిల్లాలు మద్రాసు రాజధానిలో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతిన్నాయి. నిండుగా ఉన్న పాతర ఒక చెడ్డ ఏడాదిని దాటించగలదు. వరుసగా రెండేళ్లు తప్పిన వానకు, అందులోనూ అప్పటికే సగం ఖాళీ అయిన పాతరలకు ఆ శక్తి లేదు. రైలు గింజను తేగలిగింది గాని, కొనే శక్తి లేని ఇంటికి అది చేరలేదు. ఇరవయ్యో శతాబ్దంలో వేరుశెనగ, పత్తి జొన్నను వెనక్కి నెట్టాయి. 1953లో నీరు విడిచిన తుంగభద్ర జలాశయపు దిగువ కాలువ ఆదోని సీమలో వరిని తెచ్చింది, నేల కింద చెమ్మను పెంచింది. 1983లో రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలయ్యాక జొన్న సంగటి ఇంట్లోనే తగ్గింది. దాచవలసిన గింజే లేనప్పుడు దాచే అర ఉండదు. పాతరలు పూడ్చి, వాటి మీద ఇళ్లు కట్టారు.

మిద్దె ఇంకా కొంతకాలం నిలిచి, సిమెంటు కప్పుకూ రేకులకూ చోటిచ్చింది. ఏటా చౌడు వేసే శ్రమ, దూలాలకు పట్టే చెద, వానకు కారే భయం నిజమైన కష్టాలు. మట్టి ఇంటిని విడిచినవారిని తప్పుపట్టడం న్యాయం కాదు. కాని విడిచినప్పుడు మట్టితో పాటు ఆకారాన్ని కూడా విడవడం అనవసరమైన నష్టం. పది పన్నెండు సెంటీమీటర్ల సిమెంటు కప్పు గుండా మధ్యాహ్నపు వేడి మూడు నాలుగు గంటల్లోనే దిగి, సరిగ్గా సాయంత్రం ఇంటివారు లోపలికి చేరే వేళకు గదిని కాల్చడం మొదలుపెడుతుంది. రేకు అయితే ఆలస్యమే లేదు. కప్పులో గవాక్షి లేనందువల్ల పైన చేరిన వేడి గాలికి దారి ఉండదు. కిటికీ పైభాగం కూడా కప్పుకు రెండడుగులు కిందే ఆగిపోతుంది కనుక ఆ పైనున్న రెండడుగుల వేడి పొర రాత్రంతా తల మీద నిలిచే ఉంటుంది. కప్పుకు ఆనుకొని గోడకు ఎత్తున ఒక కంత, వాకిలి దగ్గర కింద ఒక కంత ఉంచితే ఈ దోషం చాలా వరకు పోతుంది; అందుకు మట్టి అవసరం లేదు, ఖర్చూ లేదు.

గింజ నిల్వ విషయంలోనూ ఇదే జరిగింది. పాతర స్థానంలో వచ్చిన లోహపు గాదెలు ఎలుకను ఆపాయి గాని, పలుచని రేకు గోడల వల్ల రాత్రింబవళ్ల తేడా నేరుగా గింజకు తగిలి, లోపలి గాలి ప్రదక్షిణ చేసి, పైభాగాన చెమ్మ చేరే దోషం వాటితో వచ్చింది. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా గాదెలో మట్టి ఇటుకల గోడల నడుమ ప్లాస్టిక్ పొర ఉంచారు; మట్టి వేడిని మందగింపజేస్తుంది, ప్లాస్టిక్ చెమ్మనూ గాలినీ ఆపుతుంది. ఆ నమూనా పాతర పనిని నేల మీదికి తెచ్చే ప్రయత్నమే.

కౌతాళం, కోసిగి ఊళ్లలో పూడ్చకుండా మిగిలిన పాతరలకు నోటి వ్యాసం, గొంతు పొడవు, కడుపు చుట్టుకొలత, లోతు ఎంతో కొలిచి, ఒక ఏడాది పాటు వాటి అడుగునా గొంతులోనూ వేడిమాపకాలు ఉంచి నమోదు చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. గవాక్షి ఉన్న మిద్దెలకూ అంతే. కర్నూలు జిల్లాలోని ఇంజనీరింగు, వ్యవసాయ కళాశాలలు తమ విద్యార్థులకు ఈ కొలతల పనిని అప్పగించాలి. లోపలికి దిగే ముందు దీపం కాక ఆమ్లజని కొలిచే పరికరాన్ని దించాలి. పాతర నింపిన చేతులున్న పెద్దలు ఇంకా కొందరు ఆ ఊళ్లలో ఉన్నారు. వారు చెప్పే కొలతలను రాసుకోవలసిన సమయం ఇదే.